త్రికోణంలో నలభై ఒకటి

మారియెట్టా, ఒహాయో
9 ఫిబ్రవరి 1988

బావమరిది లైల్‌కి,

ఫోను చేస్తే నేను ఎత్తడం లేదని మీ అక్కకి ఫిర్యాదు చేశావట. ఎత్తి ఏం చేయను? చెవి పక్కన తుపాకులు పేల్చీ పేల్చీ, నువ్వు ఎంత గొంతు చించుకున్నా నాకు జోరీగ రొదలాగే వినిపిస్తుంది. చెప్పేదేదో కాగితం మీద చెప్పు. నీ దస్తూరి కోడి గీకినట్టున్నా కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి.

దీంతో పాటు ఒక పొడవాటి పెట్టె వస్తుంది. అందులో పాత సైన్యం రైఫిల్ కర్ర ఉంది. ఇనుప భాగాలు విప్పి నా దగ్గరే ఉంచాను. భుజానికి ఆనించే చోట పగిలింది, అది అతికించు. మా ఊళ్ళోనూ వడ్రంగులున్నారు గానీ వాళ్ళ చేతికివ్వడానికి నాకు మనసొప్పలేదు. ఇది నాది కాదు. మా క్లబ్బు హాల్లో కాఫీ, ఆపిల్ కేకులు అమ్మే నాడీన్ అనే ఆవిడకి మే నెల పాత తుపాకుల ప్రదర్శనలో ఇవ్వబోతున్నాను. కాబట్టి దానికి తగ్గ మర్యాద చెయ్, నా పరువు నీ చేతిలో ఉంది. ఆ కర్ర ఎందుకంత గొప్పదో చెప్పను. చెబితే, "కర్ర మీద మచ్చలు చదివే జోస్యుడు" అని మళ్ళీ మొదలుపెడతావు.

నవ్వుకో. అక్టోబరు ప్రదర్శనలో ఆ మచ్చలు చదివి కర్టిస్ బేమ్‌ని పట్టుకున్నాను. స్కూలు బస్సు నడుపుతాడు. సైన్యం పరీక్ష ముద్ర ఉందని ఒక రైఫిల్ గర్వంగా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్త అచ్చుతో నిన్నగాక మొన్న కొట్టిన ముద్ర! ఎవడో అంటగట్టాడట, తనకి తెలియదట. తెలియకపోతే నేర్చుకోవాలి. ఇలాంటి వాటికని నేనే ఒక నియమం పెట్టించాను. దొంగ ముద్ర ఉన్న రైఫిల్‌కి ఎర్ర రిబ్బను కడతాం, దాని సొంతదారు సాయంత్రం హాలు మూసేదాకా పక్కనే నిలబడాలి. వచ్చినవాళ్ళంతా చూసి నేర్చుకుంటారు. కర్టిస్ నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్ళీ మా హాలు గడప తొక్కలేదు.

మీ ఆవిడ ఇంగాని అడిగానని చెప్పు.

మీ బావ,
ఓరిన్


డెకోరా, అయోవా
3 మార్చి 1988

బావా,

ముందు కోడి దస్తూరి సంగతి. మా నాన్న బడికి పంపకుండా రంపం ఇచ్చాడు, నువ్వేమో బడికెళ్ళి తుపాకి పట్టావు. ఎవరి చెవులు బాగున్నాయో చూసుకో.

నీ కర్ర తయారైంది. పగులు ఎక్కడుందో నువ్వే వెతుక్కోవాలి, కనిపిస్తే నా పేరు మార్చుకుంటాను. పాపం ఎవరు వాడారో గానీ దాన్ని ఎంత హింస పెట్టారు బావా! పిడి దగ్గర ఎవరో సుత్తితో బాదినట్టు సొట్టలు. ఎడమ పక్కనా అంతే. ఒక ఆడమనిషికి బహుమతిగా ఇచ్చే వస్తువు అలా ఉంటే బాగుంటుందా? నువ్వు అడగకపోయినా నా అంతట నేనే చేశాను. తడి గుడ్డ పరిచి, ఇంగా ఇస్త్రీ పెట్టె బాగా కాల్చి, ఆవిరి పట్టించాను. నలిగిన కర్ర ఆవిరి తాగితే పొంగి పైకి లేస్తుంది. పిడి మీదవి పూర్తిగా పోయాయి. ఎడమ పక్కవి బాగా లోతు, సగమే లేచాయి, దానికి ఏమీ అనుకోకు. పైన అవిసె నూనె అరచేత్తో రుద్ది రుద్ది పట్టించాను. ఇప్పుడు పసిపిల్ల బుగ్గలా ఉంది.

తన ఇస్త్రీ పెట్టెకి కర్రలోని వాల్‌నట్ రంగు అంటిందని ఇంగా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పాపం నీ ఖాతాలో వేశాను.

ఆ ఎర్ర రిబ్బనేదో నా పనికి కట్టకు!

నీ బావమరిది,
లైల్


మారియెట్టా
14 మార్చి 1988

లైల్,

పెట్టె అందింది. అతుకు నిజంగానే కనబడటం లేదు. నీ చేతిలో పనితనం ఉందని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు. ఇంగాకి ఇస్త్రీ పెట్టె కొని పంపమని మీ అక్క వెర్నాతో చెప్పాను.

ఓరిన్


డెకోరా
28 మార్చి 1988

బావా,

నీ ఉత్తరం ఇంగాకి పైకి చదివి వినిపించాను. నమ్మలేదు, లాక్కుని తనే చదువుకుంది. అక్కని పెళ్ళి చేసుకున్న నాటినుంచి నువ్వు నన్ను ఒక్కసారైనా మెచ్చుకున్నావా? మా అమ్మ శవపేటిక నేను చేస్తే, మూత కాస్త బిర్రుగా ఉందన్నావు. అలాంటివాడివి కృతజ్ఞతలు చెప్పావు! దాన్ని దుకాణంలో గోడకి అంటించాను.

ఇంకో సంగతి విను, సంతోషిస్తావు. మా ఊరి మాజీ సైనికుల సంఘంలో అంత్యక్రియలకి పేల్చే పాత రైఫిళ్ళున్నాయి, అచ్చం నీ కర్రలాంటివే. నీ మెప్పు చూశాక ఆగలేకపోయాను. వాళ్ళ దగ్గరికెళ్ళి, "పైసా వద్దు, మా బావ ఇలాంటి వాటికి పెద్ద న్యాయనిర్ణేత, ఆయనే మెచ్చుకున్నాడు" అని చెప్పి మోసుకొచ్చాను. ఇంగా పాత ఇస్త్రీ పెట్టె ఎలాగూ పాడైంది కదా. ఒక్క కర్ర తప్ప అన్నీ అయిపోయాయి. ఒక్క సొట్ట ఉంటే ఒట్టు!

లైల్


మారియెట్టా
5 ఏప్రిల్ 1988

ఒరేయ్ లైల్,

ఆ మిగిలిన ఒక్క కర్రనీ ముట్టుకోకు. ఇస్త్రీ పెట్టె పక్కన పడెయ్. ఆ గోడ మీద ఉత్తరం చింపెయ్.

మర్యాదగా రాసింది నీ మీద ప్రేమతో కాదు. పెట్టె విప్పిన రోజు నాకు ఏడుపొచ్చింది, వెర్నా చూస్తుందని గరాజులోకి పోయాను. ఏం రాయాలో తెలియక ఆ నాలుగు ముక్కలు గీకాను. నువ్వు దాన్ని గోడకెక్కించావు!

అవి సొట్టలు కాదురా, ముద్రలు. పిడి మీద గుండ్రటి గీతలో ఉండే పీ అక్షరం, మందు ఎక్కువ దట్టించిన తూటా పేల్చి చూసినా తుపాకి నిలబడిందనడానికి గుర్తు. ఎడమ పక్కన గీతల చట్రంలో ఉండే అక్షరాలు, ఏ ఆయుధశాలలో పుట్టిందో చెబుతాయి. యుద్ధం అయ్యాక అలిసిపోయిన రైఫిళ్ళని మరమ్మతు డిపోలకి పంపి విప్పి, బాగుచేసి, మళ్ళీ కొత్త ముద్ర కొట్టారు. చివర్న, చూసిన మనిషి తన సొంత నంబరు ఒకటి కొడతాడు, 'ఇది నేను చూశాను, నాదీ పూచీ' అని.

పిడి కింద, నీ గోరంత త్రికోణంలో నలభై ఒకటి అని ఉంది. దాన్నే నువ్వు ఇస్త్రీ చేశావు. అది నాడీన్ తండ్రిది. కాజిమిర్ పోల్సిన్ అని, ఇక్కడికి ఎగువన నది ఒడ్డు డిపోలో పనిచేశాడు. ఆవిడ ఉయ్యాల్లో ఉన్నప్పుడే పోయాడు. తర్వాత ఇంట్లోకి వరదొచ్చి ఫొటోలన్నీ కొట్టుకుపోయాయి. తండ్రి మొహం ఆవిడకి తెలియదు. మిగిలింది ఆయన కొట్టే ఉక్కు అచ్చు ఒక్కటే. కాఫీ పోస్తూ మా మాటలు విని విని ఒకరోజు ఆ అచ్చు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఓరిన్ గారూ, ఎన్నో కర్రలు చూస్తుంటారు కదా. ఈ గుర్తున్నది ఎక్కడైనా కనిపిస్తే ఒక్కసారి నన్ను పిలుస్తారా? వేలు పెట్టి చూస్తాను, అంతే" అంది. ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎన్ని బల్లల కింద వంగానో! దొరికిందని ఆవిడకి చెప్పేశాను కూడా. మే నెల కోసం కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తోంది.

నువ్వు ఇస్త్రీ చేసింది ఒక మనిషినిరా.

ఓరిన్


డెకోరా
17 ఏప్రిల్ 1988

బావా,

నాకు తల కొట్టేసినట్టుంది. రాద్దామని కూర్చుని లేచిపోయాను, మళ్ళీ కూర్చున్నాను. నువ్వు చదివే మచ్చలంటే ఏవో రంగు మరకలనుకున్నాను గానీ ఈ సొట్టలేనని తోచలేదు.

సంఘం వాళ్ళ దగ్గరికెళ్ళి చెప్పాను. పెద్దాయన థోర్‌వాల్డ్ ఒక కర్ర తీసుకుని పిడి తడిమి చూశాడు. "ఇక్కడ నా బొటనవేలికి ఏదో గరుగ్గా తగిలేది, అది లేకపోతే ఇది ఎవరి తుపాకో ఏమో" అని పక్కన పెట్టేశాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికి తలెత్తుకుని వచ్చేవాణ్ణి.

బావా, నువ్వు ముందే ఒక్క ముక్క రాసి ఉంటే? సరే, నేను ఎగతాళి చేస్తానని రాయలేదు. చేసేవాణ్ణే. అదీ నా తప్పే.

నాడీన్ గారి చిరునామా పంపు. నేనే వస్తాను. ఈ చేతులతోనే చేశానని ఆవిడ మొహం చూసి చెబుతాను. నువ్వు మాట పడనక్కర్లేదు.

లైల్


మారియెట్టా
29 ఏప్రిల్ 1988

లైల్,

రావద్దు. అంతా సర్దుకుంది. ఇది చదివి పొయ్యిలో వెయ్.

పోల్చి చూసుకోమని నాడీన్ ఇచ్చిన అచ్చు నా దగ్గరే ఉంది. మొన్న ఆదివారం వెర్నా చర్చికి వెళ్ళాక కర్రని గరాజులో బిగించి, పిడి కింద ఆ అచ్చు ఆనించి, ఒక్క దెబ్బ కొట్టాను. బాగా పడింది. మసిగుడ్డతో రుద్ది పాతదానిలా చేశాను. గుండ్రటి పీ వాడకంలో అరిగిపోయిందని చెబుతాను.

నీ మొహం ఎలా పెట్టావో నాకిక్కణ్ణుంచే కనిపిస్తోంది. ఆలోచించు. కర్ర ఆయన చూసిందే. అచ్చు ఆయనదే. చెయ్యి ఒక్కటే వేరు. ఆవిడ వేలు పెట్టి చూసుకుంటానంది, చూసుకుంటుంది. ఎవరికి నష్టం?

ఓరిన్


డెకోరా
6 మే 1988

బావా,

పొయ్యిలో వేయలేదు. వేస్తే నువ్వు రాయలేదని నన్ను నేనే నమ్మించుకుంటానని భయమేసింది.

ఎవరికి నష్టమని అడిగావు. ఆ నంబరుకి 'నాదీ పూచీ' అని అర్థమని నువ్వే రాశావు. పూచీ ఎవరిది ఇప్పుడు? బస్సు డ్రైవరుని రోజంతా నిలబెట్టావే, అతని ముద్ర కొట్టినవాడికీ నీకూ తేడా ఏమిటో చెప్పు. నా తెలివితక్కువ పనికి సిగ్గు నాది. దాన్ని కప్పడానికి నువ్వు దొంగవి కావడం దేనికి? ఆ రాత్రి భోజనం దగ్గర ఇంగా అడిగింది, "మీ బావ ఏం రాశాడు?" అని. కులాసా అని రాశాడన్నాను. అబద్ధం అప్పుడే మా ఇంటిదాకా వచ్చేసింది.

ఇంకో మాట, వడ్రంగిగా చెబుతున్నా. ఆవిరికి లేచిన కర్ర ఎప్పటికీ అలాగే ఉంటుందని లేదు. మా చర్చి బల్లొకటి ఇలాగే నున్నగా చేస్తే, పొయ్యి పక్కన ఒక చలికాలం ఉండేసరికి పాత సొట్టలు సన్నగా మళ్ళీ కుంగి కనిపించాయి. సుత్తి దెబ్బ తిన్న కర్ర లోపల నలిగే ఉంటుంది. దాన్ని పొడిగా ఉన్నచోట, పొయ్యి దగ్గర పెట్టమను. ఆయన కొట్టిందే తిరిగి రావచ్చు.

నువ్వు కొట్టింది సరిగ్గా పాతదాని మీదే పడిందా, పక్కన పడిందా?

లైల్


మారియెట్టా
17 మే 1988

లైల్,

రైఫిల్ ఇచ్చేశాను. ఆవిడ అందరి ముందూ వేలు పెట్టి చూసుకుని నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఏమన్నదో నాకు వినపడలేదు. వెర్నాని అడగలేదు.

ఈ సంగతి ఇక ఎత్తకు.

ఓరిన్


డెకోరా
21 ఆగస్టు 1988

బావా,

మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. నన్ను చూస్తే నీకు కంపరంగా ఉందని అర్థమైంది. ఇస్త్రీ పెట్టె చూసినప్పుడల్లా నాకూ నా మీద అలాగే ఉంది. కానీ అక్క ఏం చేసింది? నువ్వు క్లబ్బుకి పోవడం మానేశావనీ, భోజనం దగ్గర మాట్లాడటం లేదనీ రాసింది. ఆస్పత్రికి తీసుకెళ్దామా అని అడిగింది. తనకేమని చెప్పను? 'నా వల్లే' అని రాశాను. తనకి తెలిసింది అంతవరకే.

ఆ కర్ర పొయ్యి దగ్గర పెట్టమని ఆవిడకి చెప్పావా? చలికాలం వస్తోంది కదా. తండ్రి ముద్ర తిరిగొస్తే అందరికంటే నువ్వే కదా సంతోషించాలి.

తిట్టడానికైనా ఒక ముక్క రాయి.

లైల్


మారియెట్టా
6 నవంబరు 1988

లైల్,

నీ మీద కోపంతో రాయలేదనుకున్నావు. కాదు. నీ మే నెల ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. తండ్రి ముద్ర తిరిగి రావచ్చని నువ్వు సంతోషంగా రాశావు. అది రాకూడదని నేను వేడుకున్నాను. ఒక కూతురికి తండ్రి గుర్తు దక్కకూడదని రోజూ మొక్కుకున్న మనిషిని నేను. నీకు జవాబు ఎలా రాస్తాను? ఏ మొహం పెట్టుకుని రాస్తాను?

పొయ్యి దగ్గర పెట్టమని ఆవిడకి నేను చెప్పలేదు. చెప్పకుండానే చలి కాచుకునే పొయ్యి పైన గోడకి వేలాడదీసుకుంది, ఇంట్లో అన్నిటికంటే మంచి చోటు అదేనని.

నిన్న ప్రదర్శన జరిగింది. జబ్బని తప్పించుకుందామనుకున్నాను, వెర్నా బలవంతాన కోటు తొడిగి తీసుకెళ్ళింది. నా పక్కన ఇప్పుడు హార్లన్ అనే కొత్త నిర్ణేత కూర్చుంటున్నాడు. ప్రదర్శన మొదలైన కాసేపటికి నాడీన్ కాఫీ బల్ల వదిలి రైఫిల్ ఎత్తుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. పిడి కింద చూపించి ఏదో గబగబా చెప్పింది. నాకు వినపడలేదు. నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

"మా నాన్న రెండుసార్లు కొట్టాడు, చూడండి! పక్కన సన్నగా ఇంకోటి పైకొచ్చింది! దీనర్థం ఏమిటండీ?"

టార్చి పక్కవాటుగా పట్టి చూశాను. ఉంది లైల్. నేను కొట్టినదానికి గడ్డి పరకంత ఎడంగా, కాస్త వాలుగా, వేలికి తగిలీ తగలకుండా, త్రికోణంలో నలభై ఒకటి. అంచులు మెత్తగా ఉన్నాయి. నాది పక్కనే కత్తితో కోసినట్టుంది. హార్లన్ భూతద్దం తీసుకుని చూశాడు. ఆ భూతద్దం పైనుంచి నా వంక చూశాడు. నిర్ణేతల్లో పెద్దవాణ్ణి నేను కదా, నా మాట కోసం ఆగాడు.

నోటి చివరికి వచ్చేసింది, 'ఒక్కోసారి చేతి తొందరలో రెండుసార్లు కొట్టేవారమ్మా' అని. అంటే చాలు, ఎవరూ కాదనరు. ఆవిడ ఇంకా సంతోషంగా వెళ్ళిపోయేది. నాకు అలా అనకుండా ఉండే శక్తి ఎక్కడిదో తెలియదు. శక్తి కాదేమో, విసుగు. నన్ను నేను మోసుకు తిరగలేక విసుగెత్తింది.

"సన్నగా ఉన్నది మీ నాన్నది" అన్నాను. "పక్కనున్నది దొంగది. నీ అచ్చుతో నేనే కొట్టాను."

చెవిటివాణ్ణి కదా, నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకు తెలియదు. కానీ హాలంతా కదులుతున్న నోళ్ళు ఒక్కసారిగా ఆగిపోవడం కనిపించింది.

ఆ కర్ర ఆవిరికి ఎలా నున్నబడిందో, ఎందుకు కొట్టానో చెప్పాను. నీ పేరు చెప్పలేదు. ఆవిడ బల్ల మీదున్న ఎర్ర రిబ్బను తీసింది. నాకు కడుతుందనుకున్నాను, కట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను. రైఫిల్‌కి కట్టింది. కట్టి దాని పక్కన వెళ్ళి నిలబడింది.

"నువ్వెందుకమ్మా? నిలబడాల్సింది నేను" అన్నాను.

జవాబు నా చెవిలో చెప్పలేదు, కాగితం మీద రాసింది. 'సొంతదారు నిలబడాలని నియమం మీరే పెట్టారటగా. సొంతదారుని నేను.'

ఎంత బతిమాలినా కదల్లేదు. ఏ తప్పూ చేయని మనిషి, తండ్రి గుర్తు పట్టుకుని, దొంగ సరుకు పక్కన నిలబడింది. అప్పుడు మనసులో కనిపించాడు నాకు కర్టిస్ బేమ్. ఆ రోజు అతను టోపీ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని అలా తిప్పుతూనే ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చుని నాడీన్ ఇచ్చిన ఆపిల్ కేకు తిన్నాను.

హాలు మూసేదాకా నేనూ ఆవిడ పక్కనే నిలబడ్డాను. నాతో మాట్లాడలేదు. మా కాఫీ బల్ల దగ్గర ఎవరూ లేరు, హార్లనే పోసి తెచ్చి ఆవిడకిచ్చాడు, నాకివ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే. వచ్చినవాళ్ళు వంగి చూస్తుంటే ఆవిడ రిబ్బను పక్కకి జరిపి, నేను కొట్టినదాన్ని బొటనవేలితో మూసేసి, సన్నటి త్రికోణం చూపిస్తూ ఏదో చెప్పింది. ప్రతి ఒక్కరికీ అదే చెప్పింది. పెదాలు చూసి చూసి నాకు అర్థమైంది. 'ఇది మా నాన్నది.'

వెళ్ళేటప్పుడు రిబ్బను విప్పి నా చేతిలో పెట్టింది. అచ్చు అడిగింది, ఇచ్చేశాను.

నీ కర్ర తన మాట నిలబెట్టుకుంది లైల్. నీ ఇస్త్రీ పెట్టె పాపం పోయింది. థోర్‌వాల్డ్‌తో చెప్పు, రైఫిళ్ళకి నూనె రాయకుండా పొయ్యి పక్కన పెట్టుకోమను. నా పాపమే మిగిలింది. అది ఏ పొయ్యి పక్కన పెట్టినా పోయేది కాదు.

రేపు కర్టిస్ ఇంటికి వెళ్తున్నాను. ఆ రిబ్బను పట్టుకుని. ఏమంటాడో తెలియదు, ఏమన్నా అననీ. వెర్నా వెంట వస్తోంది. అతను తిట్టేది నాకు వినపడదు కదా, ఒక్క మాట కూడా వదలకుండా, మెత్తబరచకుండా, నా చెవిలో గట్టిగా చెప్పమన్నాను.

మీ బావ,
ఓరిన్